పైట ఏ భుజం మీద? విజయనగరంలో ఒక మాంగా పుస్తకం పని డైరీ

అక్టోబరు 16, 2024

నిన్న సిరిమాను, మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర. పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. జనంలో నలిగి నలిగి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. ఫోన్లో నూట నలభై ఫొటోలున్నాయి, పనికొచ్చేవి ఆరు. మిగతావన్నీ ఎవరివో చేతులు, ఎవరివో ఫోన్లు, గాల్లో ఎగురుతున్న అరటిపళ్ళు.

మూడేళ్ళుగా అనుకుంటున్నది ఇవాళ నోటుబుక్కులో రాసేశాను: 24 పేజీలు, నలుపు తెలుపు, మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పద్ధతిలో ఒక కథ. ఏటా అమ్మవారు పూజారి కలలో కనిపించి ఫలానా చోట చెట్టుందని చెబుతుంది. ఆ చింతచెట్టే ఆ ఏటి సిరిమాను. అది ఎవరి పెరట్లో ఉందో ఆ ఇంటి పిల్ల వైపు నుంచి నా కథ నడుస్తుంది. చెట్టు నాటింది ఆ పిల్ల తాత. ఊరంతా పసుపు కుంకుమలతో వాళ్ళింటికొస్తుంది, చెట్టు వెళ్ళిపోతుంది, పెరట్లోకి ఎండ వస్తుంది. కథ అంతే.

మాంగానే ఎందుకని షాపులో అడిగారు. తాత ఏమీ మాట్లాడకుండా చెట్టు మొదలు తడిమే చోట నాకు నాలుగు గళ్ళు కావాలి. ఆ నాలుగు గళ్ళలో ఏమీ జరగదు. అలా ఏమీ జరగని చోటుకి పేజీ ధారపోయడం నాకు మాంగాలోనే కనిపించింది. చిన్నప్పుడు పత్రికల్లో చదివిన బొమ్మల కథల్లో ప్రతి గడిలోనూ ఎవరో ఒకరు కత్తి దూసేవారు.

పగలంతా డీటీపీ షాపు, శుభలేఖలు, ఫ్లెక్సీలు. ఈ పని రాత్రుళ్ళు, ఆదివారాలు చేసుకోవాలి.

నవంబరు 10

బొమ్మలు వేసేముందు కథ మొత్తాన్ని గళ్ళుగా, పుల్లల మనుషులతో గబగబా గీసుకునే చిత్తుప్రతిని జపాన్‌లో ‘నేము’ అంటారు. ఇరవై నాలుగు పేజీల నేము మూడు వారాల్లో అయింది. అలవాటు కొద్దీ కుడి నుంచి ఎడమకి గీసేశాను. పదేళ్ళుగా చదువుతున్న జపాన్ మాంగా నడిచేది అలాగే కదా.

అమ్మకి ఇచ్చాను. అమ్మ ఎడమ నుంచి మొదలుపెట్టింది. "చెట్టు కొట్టీసిన తరవాత కల ఎందుకొచ్చిందిరా పూజారికి?" అంది. పక్కనే ఉన్న మేనల్లుడు, తొమ్మిదో తరగతి వాడు, "అమ్మమ్మా, అటు కాదు, ఇటు" అని పుస్తకం తిప్పి ఇచ్చాడు. ఆవిడ రెండు పేజీలు చూసి పక్కన పెట్టేసింది. వాడి లెక్కలో ఇది మాంగా కాబట్టి కుడి నుంచే ఉండాలి. నా లెక్క వేరు. తెలుగు అక్షరం ఎడమ నుంచి కుడికి పోతుంది. బొమ్మ ఒక వైపు లాగి, మాట ఇంకో వైపు లాగితే కన్ను మధ్యలో నలుగుతుంది.

మళ్ళీ గీసే ఓపిక లేక స్కాన్ చేసి అన్ని పేజీలనూ అద్దంలో చూపినట్టు తిప్పేశాను. ఒక్క నొక్కుడుకి ఇరవై నాలుగు పేజీలూ తిరిగిపోయాయి. ప్రింటు తీసి మళ్ళీ అమ్మకిచ్చాను. ఈసారి కథ అర్థమైంది. ఆరో పేజీ దగ్గర ఆగింది.

"ఇదేటి, ఈవిడ పైట కుడి బుజం మీదకి ఏసీసినాదేటి?"

చూసుకుంటే నిజమే. పిల్ల తల్లి పైట కుడి భుజం మీదుంది. తాత ఎడం చేత్తో ముద్ద కలుపుతున్నాడు. మూడు లాంతర్ల కూడలి దగ్గర దుకాణం బోర్డు తిరగబడి ఉంది.

ఈ తంటా నాకొక్కడికే రాలేదు. అమెరికాలో మొదట్లో మాంగా అనువాదాలు ఇలాగే పేజీలు తిప్పి అచ్చేసేవారు. అక్కడ దెబ్బతిన్నది కిమోనో. బతికున్నవాళ్ళకి ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారు. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. పేజీ తిప్పితే కథలో అందరూ పాడె మీదకి ముస్తాబైనట్టే. 2002లో టోక్యోపాప్ సంస్థ తిప్పకుండా, జపాన్‌లో ఉన్నట్టే కుడి నుంచి ఎడమకి అచ్చేయడం మొదలుపెట్టాక మిగతావాళ్ళూ అటే వెళ్ళారు. నాకు ఆ దారి లేదు, నా కథ తెలుగులో పుట్టింది. నేము మొత్తం ఎడమ నుంచి మళ్ళీ గీయాలి. మూడు వారాలు చింతపండు పులుసులో కలిశాయి.

నవంబరు 24

మాంగా గీసే జి-పెన్ పాళీలు వచ్చాయి. మామూలు బాండు పేపరు మీద ఇంకు పాకింది, డ్రాయింగు షీటు మీద పాళీ గీరుకుంది, ఐవరీ కార్డు మీద నున్నగా జారింది. ఐవరీయే ఖాయం. నొక్కితే గీత లావు, వదిలితే సన్నం. తెలుగు తలకట్టు రాసే చేతికి ఈ కిటుకు తొందరగానే పట్టుబడింది.

డిసెంబరు 15

ఈ నెలంతా పాత్రల మాటలు రాసే బెలూన్లతోనే సరిపోయింది.

జపాన్ మాట నిలువుగా రాస్తారు, అందుకే వాళ్ళ బెలూన్ కోడిగుడ్డులా నిలువుగా ఉంటుంది. అందులో తెలుగు కూర్చోబెట్టి చూడండి. మా తాత పాత్ర మాట ఇది: "ఎలిపోతాదనుకున్నాను గానీ ఇంత బేగి ఎలిపోతాదనుకోనేదు." ఇందులో ‘ఎలిపోతాదనుకున్నాను’ ఒకే మాట. విరగ్గొడితే చదివే నాలుక తడబడుతుంది, విరగ్గొట్టకపోతే బెలూన్ గడి దాటి పక్కవాడి మొహం మీదకి పోతుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉండబట్టి వరసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. నాలుగు వరసల జపాన్ మాటకి సరిపోయే చోట తెలుగు రెండు వరసలకే అయిపోతుంది.

చివరికి పని తిరగేశాను. ముందు మాట రాయడం, దాని చుట్టూ బెలూన్ గీయడం, మిగిలిన జాగాలో మనుషుల్ని నిలబెట్టడం. ముందు మాట్లాడేవాడు ఎడమ పక్కన ఉండాలి. పిల్ల, తాత పక్కపక్కన కూర్చున్న సీన్లన్నిట్లో తాత ఎడమకి జరిగాడు, ఎందుకంటే ముందు నోరు విప్పేది ఎప్పుడూ ఆయనే. మాటలు కూడా తగ్గించాను. తొమ్మిదో పేజీలో ఏడు బెలూన్లు ఉండేవి, మూడు మిగిలాయి. నష్టమేమీ కనిపించలేదు.

రెండో గొడవ అక్షరాలది. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయి కూర్చుంది. షాపులో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, అక్కడ అతికేది ఇక్కడ అతకదు. ఇంక్‌స్కేప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు సరిగ్గా వస్తున్నాయి. మాటలన్నీ అందులో పేర్చి, పొరలా తెచ్చి బొమ్మ మీద పరుస్తున్నాను. ఒక మెట్టు ఎక్కువ, అయినా సుఖమే.

ఈ నెలలో సంతోషపెట్టింది చప్పుళ్ళు. మాంగాలో చప్పుడు బొమ్మలో భాగం. అక్షరమే లావై, వంకరై, గడిని చీల్చుకుని పోతుంది. జపాన్ భాషలో చప్పుడు లేని వాటికి కూడా చప్పుడు మాట ఉంటుంది: మెరుపుకి ‘కిరకిర’, గుండె వేగానికి ‘దోకిదోకి’. ఇంగ్లీషు అనువాదకులు ఇక్కడ నీళ్ళు నములుతారు. మనకి ఆ బాధ లేదు. మిలమిల, దడదడ, నిగనిగ, సలసల, బితుకుబితుకు, గుబగుబ. సిరిమాను ముందు తప్పెటగుళ్ళ పేజీకి రాసుకున్నవే ముప్పై దాటాయి. ఒక్కటే దొరకలేదు. ఏ చప్పుడూ లేదని చెప్పడానికి జపాన్ వాళ్ళు ‘షీన్’ అని రాస్తారు. ‘నిశ్శబ్దం’ అని రాస్తే ఆసుపత్రి గోడ మీద బోర్డులా ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

జనవరి 26, 2025

జపాన్ వాళ్ళు తీసిన రామాయణం బొమ్మల సినిమా (యానిమే) మొన్న 24న మళ్ళీ విడుదలైంది. మేనల్లుణ్ణి తీసుకుని విశాఖ వెళ్ళి చూసొచ్చాను. యుగో సాకో, కోయిచి ససాకి, మన రామ్ మోహన్ కలిసి 1992లో పూర్తి చేసిన సినిమా. పంచె ఎలా కట్టాలి, పెద్దలు పిల్లల్ని ఎలా దీవిస్తారు అన్నవి మనవాళ్ళు అక్కడి ఆర్టిస్టులకి చెప్పి గీయించారట. నాకు వెంటనే మా అమ్మా, పైటా గుర్తొచ్చాయి. అయోధ్య పేజీకి కూడా ఒక అమ్మ కావాల్సి వచ్చిందన్నమాట.

వస్తూ బస్సులో వాడితో వాదన. జపాన్‌వాడు గీయకపోతే అది మాంగా ఎలా అవుతుంది మావయ్యా అని వాడు. ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ జపాన్‌దే అనుకుంటున్నాడు. కాదు, అమెరికా వాళ్ళు రాసింది, యానిమేషన్ చాలావరకు కొరియా స్టూడియోల్లో జరిగింది అంటే నమ్మడే. ‘రేడియంట్’ అనే మాంగా సంగతి చెప్పాను. టోనీ వాలెంట్ అనే ఫ్రెంచ్ ఆయన 2013లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టాడు, 2015లో అదే జపాన్‌లో అచ్చయింది, 2018లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కేలో యానిమేగా వచ్చింది. "అయితే ఆయన బాగా గీసుంటాడు" అన్నాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ పెద్దపెద్ద కళ్ళు కూడా జపాన్‌లో మొలిచినవి కావు. మాంగా చిత్రకారుడు తెజుకా ఒసాము అమెరికా వాళ్ళ డిస్నీ, ఫ్లైషర్ బొమ్మలు చూసి పెంచుకున్న కళ్ళవి. మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన చిత్రకారులు వడ్డాది పాపయ్య గారు కూడా చిన్నప్పుడు రవివర్మ బొమ్మ చూసి గీస్తూ మొదలైనవారే. రవివర్మ నూనె రంగులు ఎక్కడివో వేరే చెప్పక్కర్లేదు. ఇది వాడికి చెప్పలేదు. కొత్తవలస దాటేసరికి వాడు నిద్రపోయాడు.

నా పుస్తకం అట్ట మీద మాత్రం ‘తెలుగు కామిక్’ అనే వేస్తాను. మాంగా అన్న పేరు వేస్తే కొనేవాళ్ళు పెరుగుతారని స్నేహితుడు అంటాడు. కుడి నుంచి తెరిచేవాళ్ళు కూడా పెరుగుతారు.

ఫిబ్రవరి 16

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది.

మాంగాలో మొహం అంటే తెల్ల కాగితం. గీత ఉంటుంది, నీడ ఉండదు. బూడిద రంగులా కనిపించే చుక్కల టోను జుట్టుకి, బట్టలకి, ఆకాశానికి వేస్తారు. మొహానికి వేస్తే ఒకటి, ఆ మనిషి చీకట్లో ఉన్నాడని అర్థం, లేదా దిగాలుగా ఉన్నాడని అర్థం. ఈ పద్ధతిలో మొదటి పది పేజీలు ఇంకు చేసి గోడకి అంటించాను. మేనల్లుడు వచ్చి చూసి, "తాత ఇంత తెల్లగా ఉన్నాడేంటి? ఏసీ గదిలో పని చేస్తాడా?" అన్నాడు.

ఎండలో జీడితోట పని చేసిన తాత. మా తాతని చూసే గీశాను. ఆయన నల్లటి నలుపు. బొమ్మలో చూస్తే హైస్కూలు కథల్లో ముసలి హెడ్మాస్టరులా ఉన్నాడు.

సరే అని మొహాలకి 30 శాతం టోను వేశాను. పిల్ల, తల్లి, తాత ముగ్గురూ ఒకేసారి చావు కబురు విన్నట్టు అయిపోయారు. సిగ్గు గీతలు, చెమట చుక్క, కంటి కింద ముడతలు అన్నీ ఆ చుక్కల్లో మునిగిపోయాయి. 10 శాతానికి తగ్గిస్తే మొహం మీద బొబ్బలు లేచినట్టుంది. పైగా అందరికీ ఒకే టోను వేస్తే అందరూ ఒకే రంగు. మా ఇంట్లోనే నాలుగు రంగులున్నాయి.

పది రోజులు పాడయ్యాక టోను పక్కన పెట్టేసి పాళీ పట్టుకున్నాను. చెంప ఎముక కింద, మెడ మీద, మోచేతి లోపల సన్న గీతలు, ఒంటి వంపు ఎటు పోతే అటు. ముక్కు మీద, నుదుటి మీద మెరుపుకి కాగితం వదిలేయడం. నల్లటి ఒంటి మీద ఎండ పడితే మెరుస్తుంది. ఆ మెరుపు వదిలితే చాలు, మిగతాది నలుపని కన్ను ఊహించుకుంటుంది. తాతకి గీతలు దగ్గరగా, తల్లికి కొంచెం ఎడంగా, పిల్లకి మెడ దగ్గరే. ఒక్కో మొహానికి నలభై నిమిషాలు పట్టింది. అమ్మ గోడ దగ్గరికొచ్చి చాలాసేపు చూసి, "మా నాన్నలాగ ఉన్నాడు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొదటి పది పేజీల మొహాలన్నీ మళ్ళీ వేయాలి.

మార్చి 23

మాంగాలో నిద్రపోతున్న మనిషి ముక్కులోంచి బుడగ వస్తుంది. పూజారి పడుకున్న గడిలో అదే వేశాను. "జలుబేటి పాపం" అంది అమ్మ. తీసేశాను. కోపానికి నుదుటి మీద వేసే నరాల గుర్తుని ఆవిడ ‘బ్యాండేజీ’ అంది. అదీ తీసేశాను. చెమట చుక్క మాత్రం ఏ వివరణా లేకుండా అర్థమైంది. విజయనగరం మే నెల చూసినవాళ్ళకి చెప్పాలా?

ఇంకో తప్పు కూడా ఆవిడే పట్టింది. నాలుగో పేజీ అర్ధరాత్రి, వెన్నెల, పెరట్లో చింతచెట్టు. ఒక్కో రెమ్మకి రెండు వరసల చిట్టి ఆకులు, విచ్చుకున్నవి విచ్చుకున్నట్టు మూడు రాత్రులు కూర్చుని గీశాను. "రాత్రేళ చింతాకు ముడుసుకుంటాది కదరా" అంది. టార్చి పట్టుకుని పక్కవీధి చెట్టు కిందకి వెళ్ళి చూశాను. ఆకులన్నీ జతలు జతలుగా చేతులు జోడించినట్టు మూసుకుని ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఆ చెట్టు కింద నుంచే ఇంటికొస్తున్నాను.

కొత్త నాలుగో పేజీలో ఆకులు ముడుచుకున్నాయి, కొమ్మల మధ్య ఆకాశం ఎక్కువ కనిపిస్తోంది. అయిదో పేజీలో తెల్లవారాక విచ్చుకుంటాయి. చప్పుడు మాట వేయకుండా వదిలేసిన ఖాళీ గడి ఇక్కడికి బాగా కుదిరింది.

మే 18

పెళ్ళిళ్ళ సీజను. శుభలేఖలు తప్ప ఏమీ గీయలేదు.

జులై 13

ప్రెస్సు బాబాయి దగ్గరికి పేజీలు పట్టుకెళ్ళాను. డెమ్మీలో ఎనిమిదో వంతు సైజు, 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం. ఫారం అంటే మడతపెడితే పదహారు పేజీలయ్యే షీటు. ఆయన మొదటి ప్రశ్న: "24 ఏటి బాబూ? ఫారానికి 16. పదహారైనా సెయ్, ముప్పై రెండైనా సెయ్. ఒకటిన్నర ఫారానికి కాయితం కోసుకుంటామా?"

ఎనిమిది పేజీలు ఊరికే దొరికాయి. ఏడాదిగా ఇరుకున పెట్టినవన్నీ విడదీశాను. తాత చెట్టు మొదలు తడిమే నాలుగు గళ్ళు రెండు పేజీలయ్యాయి. సిరిమాను లేచే బొమ్మకి పూర్తి పేజీ వచ్చింది. చింతమాను యాభై అరవై అడుగులు, అడుగున ఇరుసుమాను, కొసన పూజారి. కింద నుంచి పైకి చూసే గడి, పేజీ ఎత్తంతా. ఆ పేజీ తిప్పగానే కనపడాలి, కాబట్టి ఎడం చేతి పక్క, అంటే సరి సంఖ్య పేజీ మీద పడాలి. దానికి ముందు అయిదు పేజీలు కలిపితే అది 19వ పేజీ అయింది. ఇంకొకటి కలిపి 20 చేశాను. ఆ ఒక్క పేజీలో జాలరి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వరసగా నడుస్తాయి. అమ్మకి అదే అన్నిటికన్నా నచ్చిన పేజీ.

ప్రూఫు మాత్రం ఏడిపించింది. ఏ4 సైజులో గీసి, టోను వేసి, ఆ తర్వాత డెమ్మీకి కుదించి గ్రే పీడీఎఫ్ ఇచ్చాను. చీరలన్నిటి మీదా అలలు అలలుగా గళ్ళు లేచాయి. "పొందూరు నేత పడిపోనాది" అన్నాడు బాబాయి. నా చుక్కలు కుదించేటప్పుడు చెదిరాయి, ఆపైన వాళ్ళ మెషీను గ్రేని మళ్ళీ తన చుక్కలుగా మార్చింది. రెండు జల్లెడలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకి చూస్తే కనిపించే నేతే ఇది.

మందు తెలిసినదే, నేనే బద్ధకించాను. గీతల్ని ముందు అచ్చు సైజుకి కుదించి, ఆ తర్వాతే టోను వేసి, 600 డీపీఐలో నలుపు తెలుపు తప్ప మధ్య రంగు లేని 1-బిట్ టిఫ్‌గా ఇవ్వాలి. అప్పుడు మెషీను ముట్టుకోదు. మ్యాప్‌లిథో ఇంకు పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది. 30 శాతం వేసిన చీర 45లా కనిపించింది. అన్నీ ఒక మెట్టు తగ్గించాను. మొహాలు పాళీ గీతలు కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

ఆగస్టు 29

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి జయంతి. 1863లో ఈ రోజునే శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. రాత్రి కూర్చుని మాటలన్నీ చివరిసారి చదివాను. ‘ఎలిపోనాది’ని ‘వెళ్ళిపోయింది’గా మార్చమని ఒక స్నేహితుడి సలహా, గుంటూరు వాళ్ళకి అర్థం కాదట. జపాన్ వాళ్ళ ఇంటిపేర్లూ పండగలూ అర్థం చేసుకుని చదివే పాఠకులు ‘ఎలిపోనాది’ దగ్గర ఆగిపోతారా? మార్చలేదు. పెద్ద చప్పుళ్ళకి ఆయన పేరుతోనే ఉన్న గిడుగు ఫాంటు వాడి, ఆ పైన చేత్తో లావు చేశాను.

సెప్టెంబరు 14, 2025

మొదటి ఫారం అచ్చయింది. అయిదు వందలు వేయిస్తున్నాను. రెండు వందలకైతే ప్లేట్ల ఖర్చు కూడా గిట్టదన్నాడు బాబాయి. మిగిలినవి మంచం కిందకి పోతాయని తెలుసు. ఈ ఏడు సిరిమాను అక్టోబరు 7. అప్పటికి సెంటర్ పిన్నింగు అయి చేతికి రావాలి.

మేనల్లుడు మడతపెట్టని షీటు నేల మీద పరిచి, తలకిందులుగా ఉన్న పేజీల చుట్టూ పాకుతూ చదివాడు. అంతా అయ్యాక, "ఇది ఏ వైపు నుంచైనా చదవొచ్చు మావయ్యా" అన్నాడు. పొగిడాడో వెక్కిరించాడో తెలీలేదు.

రెండో ఫారం ప్లేట్లు రేపు సోమవారం. అందులో ఒక పేజీలో తాత ఎడం చెయ్యి ఇంకా తెల్లగానే ఉంది. ఈ రాత్రికి గీతలు వేసి పంపాలి.